గొట్టంలో గంజి, నరంలో ఇన్సులిన్

ఊళ్ళో అమ్మనో నాన్ననో ఐ.సి.యు.లో పెట్టారని ఫోనొస్తే మనవాళ్ళు అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో "షుగరెంత ఉంది?" అన్నది తప్పకుండా ఉంటుంది. 320 అంటే కంగారు, 180 అంటే ఒక నిట్టూర్పు, 110 అంటే "పర్లేదు, కంట్రోల్లోనే ఉంది" అని ఊరట. మన కుటుంబాల్లో ఈ అంకెకున్న విలువ క్రికెట్ స్కోరుకి కూడా లేదు. దాని పక్కనే అడగవలసిన ఇంకో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ షుగరు చూసిన వేళకి ముక్కులో గొట్టం గుండా తిండి వెళ్తోందా, ఆగిపోయి ఉందా? ఈ రెండో ప్రశ్నకి జవాబు తెలియకుండా మొదటిదానికి వచ్చిన అంకెకి అర్థం లేదన్నది నా వాదన. మన సంగతి సరే, ఇన్సులిన్ మోతాదు లెక్కకట్టే పేరున్న సూత్రాల్లో కూడా ఈ ప్రశ్నకి చోటు లేకుండా పోయింది. అందుకే దీన్ని వైద్యుల శీర్షికకి వదిలెయ్యకుండా ఇక్కడికి పట్టుకొచ్చాను.

ముందే చెప్పుకోవాలి, నేను డాక్టర్ని కాను. చాండ్లర్‌లో చిప్పుల కర్మాగారాల్లో వాడే యంత్రాలకి కంట్రోలు సాఫ్ట్‌వేరు రాసుకునే మనిషిని. ఫలానా మందు తగ్గించండి, పెంచండి అని చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. కానీ మంచం పక్కన కడ్డీకి వేలాడుతున్న రెండు పంపుల్ని చూస్తే అది నాకు తెలిసిన సమస్యలాగే కనిపిస్తుంది. ఒక పంపు చక్కెర లోపలికి పంపుతోంది. ఇంకో పంపు ఆ చక్కెరని రక్తంలోంచి తీసే మందు పంపుతోంది. ఈ రెండింటికీ ఒకదానితో ఒకదానికి మాటల్లేవు.

పరిమాణాలు కాస్త చూద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. షుగరు 100 అంటే డెసిలీటరుకి 100 మిల్లీగ్రాములు, అంటే లీటరుకి ఒక గ్రాము. మొత్తం కలిపితే మన రక్తంలో తిరుగుతున్న చక్కెర 5 గ్రాములు, ఒక చెంచాడు! ఇప్పుడు గొట్టం సంగతి. మామూలు రకం ఫీడులో లీటరుకి 150 గ్రాములు అటూ ఇటూగా పిండిపదార్థం ఉంటుంది (షుగరు ఉన్నవాళ్ళ కోసం చేసిన రకాల్లో ఇంతకంటే తక్కువ). గంటకి 60 మిల్లీలీటర్ల చొప్పున పంపు నడుస్తోందంటే గంటకి 9 గ్రాములు. రక్తంలో ఉన్న మొత్తం చక్కెరకి దాదాపు రెండింతలు ప్రతి గంటా లోపలికి వస్తోందన్న మాట. వచ్చినదాన్ని వచ్చినట్టు కండరాలూ కాలేయమూ లాగేసుకుంటున్నాయి కనక, లాగేసుకునేలా ఇన్సులిన్ చేస్తోంది కనక, అంకె 150 దగ్గర నిలకడగా కనిపిస్తుంది. ఆ నిలకడ చెరువు నిలకడ కాదు. కుళాయి విప్పి, అడుగున తూము కూడా తీసి ఉంచిన తొట్టిలో నీటిమట్టం నిలకడగా ఉండటం లాంటిది. కుళాయి కట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ కుళాయి ఎందుకు ఆగుతుంది? సవాలక్ష కారణాలు. సి.టి. స్కానుకి తీసుకెళ్ళి వెల్లకిలా పడుకోబెట్టాలంటే, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని ఫీడు ఆపుతారు. శ్వాసనాళంలోని గొట్టం తీసే ముందు ఆపుతారు. ఆపరేషనుకి ముందు ఆపుతారు. పొడి చేసి పోసిన మాత్రలు అడ్డుపడి గొట్టం పూడుకుపోతుంది. రోగి మగతలో గొట్టం లాగేసుకుంటాడు, కొత్తది వేసి ఎక్స్‌రే తీసి సరైన చోట ఉందని తేలేదాకా తిండి లేదు. వాంతి అయితే సరేసరి. ఇవన్నీ ఐ.సి.యు.లో రోజువారీ సంగతులే. పైగా మత్తులో ఉన్న మనిషికి షుగరు పడిపోతే "చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, ఏదైనా పెట్టండి" అని చెప్పే నోరుండదు. మెదడు ఆకలితో ఉన్న సంగతి మెదడుకే తెలియని స్థితి.

ఇంతకీ షుగరు జబ్బు లేనివాళ్ళకి కూడా ఐ.సి.యు.లో షుగరు ఎందుకు పెరుగుతుంది? పెద్ద జబ్బు చేసినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ లాంటివి ఎక్కువగా ఊరతాయి, అవి కాలేయాన్ని చక్కెర విడుదల చెయ్యమంటాయి, ఇన్సులిన్ మాట చెల్లనివ్వవు. ఆ పైన స్టెరాయిడ్లిస్తే ఇంకొంచెం. ఒకప్పుడు దీన్ని ఒంటి సహజ స్పందన అనుకుని పెద్దగా పట్టించుకునేవారు కారు. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో గ్రీట్ వాన్ డెన్ బెర్గ్ బృందం ఆ ఆలోచనని తలకిందులు చేసింది. 1548 మంది రోగులు, ఎక్కువమంది గుండె ఆపరేషన్లు అయినవాళ్ళు. సగం మందికి షుగరుని 80 - 110 మధ్య బిగించి పట్టారు. ఐ.సి.యు.లో మరణాలు 8 శాతం నించి 4.6 శాతానికి పడ్డాయి. ఇంకేముంది, ఏడెనిమిదేళ్ళ పాటు ప్రపంచమంతా ఆ అంకె వెంట పడింది.

2009లో నైస్-షుగర్ అనే ప్రయోగం ఫలితాలొచ్చాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడాల్లో ముఖ్యంగా జరిగిన ఈ ప్రయోగంలో 6 వేల పైచిలుకు రోగులు. బిగించి పట్టిన వాళ్ళలో 90 రోజుల్లో 27.5 శాతం చనిపోతే, 180 లోపల ఉంటే చాలనుకున్న వాళ్ళలో 24.9 శాతం చనిపోయారు. షుగరు 40 కంటే కిందకి పడిపోయినవాళ్ళు మొదటి గుంపులో 6.8 శాతం, రెండో గుంపులో 0.5 శాతం. అంటే ప్రాణాలు కాపాడుతుందనుకున్న పద్ధతే ప్రాణాలు తీస్తోందని తేలింది. ప్రపంచమంతా మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇప్పుడు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పేది, ఐ.సి.యు.లో చాలామందికి 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి 140 - 180 మధ్య ఉంచమని.

ఈ కథని సాధారణంగా "బిగించడం మంచిదా, వదలడం మంచిదా" అన్న తగువులాగా చెబుతారు. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది. లూవెన్‌లో రోగి ఐ.సి.యు.లోకి రాగానే నరంలోకి రోజుకి 200 నించి 300 గ్రాముల గ్లూకోజు పోశారు. మర్నాటి నించి కడుపుకి పెట్టగలిగింది కడుపుకి, మిగిలింది నరంలోకి. నరంలోకి పోసే తిండి ఠక్కున ఆగదు, వాంతి అవదు, గొట్టం పూడుకుపోదు. నైస్-షుగర్‌లో తిండి ఎక్కువగా ముక్కులో గొట్టం ద్వారానే, పైగా కేలరీలు తక్కువ. అంటే ఒక చోట కుళాయి ధారాళంగా, ఎడతెగకుండా. ఇంకో చోట సన్నగా, ఆగి ఆగి. ఇన్సులిన్ లక్ష్యం మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే! ఒకే ప్రోగ్రాముకి రెండు వేరే ఇన్‌పుట్లు ఇచ్చి, అవుట్‌పుట్ వేరేగా వచ్చిందని ఆశ్చర్యపోతే మనం ఒప్పుకుంటామా? తేడాలన్నిటికీ ఇదొక్కటే కారణం అనను, రోగులు వేరు, షుగరు కొలిచే మీటర్లు వేరు, చేతులు వేరు. కానీ ఈ కారణాన్ని కాయితం అడుగున చిన్న అక్షరాల్లో దాచెయ్యడం అన్యాయం.

లూవెన్ వాళ్ళని మాత్రం మెచ్చుకోవాలి. తమ ప్రయోగాన్ని తామే విప్పుకున్నారు. 2011లో 4640 మంది మీద చేసిన ఇంకో ప్రయోగంలో, నరంలోకి తిండి తొందరపడి మొదలుపెట్టడం కంటే వారం ఆగితే రోగులు త్వరగా కోలుకుంటున్నారని చూపించారు. ఆ తరవాత 2023లో, అలా తొలిరోజుల్లో నరంలోకి తిండి పెట్టని 9230 మంది మీద, కంప్యూటరు లెక్క సాయంతో 80 - 110కి బిగించి చూశారు. ఈసారి షుగరు ప్రమాదకరంగా పడిపోయినవాళ్ళు రెండు గుంపుల్లోనూ సుమారు ఒక శాతమే, అక్కడక్కడే. కానీ బిగించినందువల్ల ఐ.సి.యు. నించి బయటపడే రోజు ముందుకి జరగలేదు, మరణాలు తగ్గలేదు. తిండి పద్ధతి మారగానే ఇరవై రెండేళ్ళ నాటి లాభం కనబడకుండా పోయింది. వాదన మొత్తం ఇన్సులిన్ గురించి అనుకున్నాం, సగం తిండి గురించే.

ఇక మనకి తెలిసిన భాషలోకి వద్దాం. నరంలో ఇన్సులిన్ ఎంత పోయాలో లెక్కకట్టే ప్రోగ్రాముల్లో పేరున్నది గ్లూకోమాండర్. అట్లాంటాలో పాల్ డేవిడ్‌సన్, ఆయన సహచరులు చేసినది, 2005లో లక్షా ఇరవై వేల గంటల వాడకం మీద ఫలితాలు ప్రచురించారు. దాని గుండెకాయ ఒక్క లైను. షుగరులోంచి 60 తీసేసి, వచ్చినదాన్ని ఒక గుణకంతో హెచ్చవెయ్యాలి, అదే గంటకి యూనిట్లు. గుణకం 0.02తో మొదలవుతుంది. షుగరు 260 ఉంటే, 200ని 0.02తో హెచ్చవేస్తే 4 యూనిట్లు. తగినంత దిగకపోతే గుణకం 0.01 పెరుగుతుంది, మరీ దిగిపోతే 0.01 తగ్గుతుంది. ఎంత ముచ్చటైన సూత్రం! షుగరు దిగేకొద్దీ మందు దానంతటదే తగ్గుతుంది, 60కి వచ్చేసరికి సున్నా. ఒక చిన్న సూత్రంతో అన్ని వేల గంటలు నడిపారంటే నాకు వాళ్ళ మీద గౌరవమే తప్ప ఇంకోటి లేదు.

అయినా ఒక రాత్రి ఊహించుకుందాం. ఫీడు 60 చొప్పున నడుస్తోంది. గుణకం మెల్లిగా 0.05కి చేరింది, షుగరు 160 దగ్గర కుదురుకుంది, ఇన్సులిన్ గంటకి 5 యూనిట్లు. ఆ 0.05 అన్న అంకెలో ఏముంది? ఈ రోగి ఒంటి తత్వం ఉంది, దానితో పాటు గంటకి 9 గ్రాముల ఫీడు కూడా కలిసిపోయి ఉంది. ప్రోగ్రాము ఆ రెండింటినీ విడదీసి దాచుకోలేదు. ఇప్పుడు స్కానుకని ఫీడు ఆపారు. గుణకం మాత్రం పాత లోకంలోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే కాలం చెల్లిన కాష్. షుగరు 100కి దిగినా ఇంకా 40 ఇంటూ 0.05, గంటకి 2 యూనిట్లు పొయ్యమంటుంది, అదీ ఎవరైనా వేలు గుచ్చి చూసి 100 అని చెబితేనే. చూడకపోతే పాత 5 యూనిట్లే నడుస్తూంటాయి. ఇంకో తిరకాసు ఉంది. అంకె నిలకడగా ఉంటే కొలిచే వ్యవధిని రెండు గంటలదాకా సాగదీస్తారు, పాపం రోగి వేళ్ళకీ నర్సు కాళ్ళకీ విశ్రాంతిగా. అంటే అంతా ప్రశాంతంగా కనిపిస్తున్న వేళే మనం గుడ్డిగా ఉండే సమయం ఎక్కువ. ఇది పోలింగ్, ఇంటరప్ట్ లేదు.

చాండ్లర్‌లో పెరట్లో ఈతకొలను ఉన్న ఇళ్ళు లెక్కలేనన్ని. చలికాలంలో నీళ్ళు వేడిచేసే హీటరు పెట్టుకున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, నీళ్ళ పంపు ఆగితే హీటరు వెలగదు. అందులో పీడనాన్ని కనిపెట్టే ఒక చిన్న మీట ఉంటుంది, నీళ్ళు రావడం లేదంటే మంట లేదు. కర్మాగారంలో మేం రాసే కోడులో అయితే ఇలాంటి ఇంటర్‌లాకులు అడుగడుక్కీ. ఈతకొలనుకున్న భాగ్యం మంచం మీదున్న మనిషికి లేకపోవడమేమిటని నా గొడవ.

ఈ మాట మా వీధిలో ఉండే ఒక మలయాళీ నర్సుగారితో అంటే ఆవిడ నవ్వి, అంత సులువు కాదని చెప్పారు. ఫీడు ఆగిందని ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే, టైప్ 1 షుగరున్న వాళ్ళకి రక్తం పులిసి ఇంకో ప్రాణాపాయం వస్తుంది. కాలేయం తన వంతు చక్కెర పోస్తూనే ఉంటుంది. కాబట్టి ఇంటర్‌లాకు అంటే "ఆపు" కాదు, "మనిషిని పిలు, ఇప్పుడే కొలువు, మోతాదు మళ్ళీ లెక్కకట్టు" అని. ఫీడు ఆగితే వెంటనే 10 శాతం డెక్స్‌ట్రోస్ డ్రిప్పు మొదలుపెట్టమని డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో ఉంది. ఆవిడ అలవాటు, ఫీడు ఆపమని ఆర్డరు రాగానే ఇన్సులిన్ పంపు దగ్గరికి ముందు వెళ్ళడం. బాగుంది. అంటే ఆ రెండు పంపుల మధ్య తీగ ఆవిడే. రాత్రి మూడింటికి పక్క గదిలో ఇంకొకరి గుండె ఆగితే ఆ తీగ తెగుతుంది.

చర్మం కింద వేసే ఇన్సులిన్ దగ్గర వ్యవహారం ఇంకా కష్టం. నరంలో పోసేది నిమిషాల్లో కరిగిపోతుంది, పంపు ఆపితే సరిపోతుంది. కానీ రోగి కుదుటపడ్డాడని రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఇరవై, ముప్ఫై యూనిట్లు పొడిచేశాక ఫీడు ఆగితే? అన్‌డూ లేదు. రోజంతా నడిచే ఫీడుని నమ్ముకుని మోతాదు మొత్తాన్ని ఒకే సూదిలో వెయ్యడం నాకు ఎప్పుడూ అప్పు చేసి పప్పుకూడులాగే అనిపిస్తుంది. నాలుగైదు గంటలకో ఆరుగంటలకో చిన్న చిన్న మోతాదులైతే, ఒకటి మానెయ్యడానికి వీలుంటుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన సమాధానం న్యూజీలాండ్ నించి వచ్చింది. క్రైస్ట్‌చర్చ్‌లో జెఫ్ చేజ్ అనే ఇంజనీరూ, జెఫ్ షా అనే ఐ.సి.యు. డాక్టరూ కలిసి 2005లో స్ప్రింట్ అనే పద్ధతి వాడకంలో పెట్టారు. మనిషి ఒంట్లో చక్కెర ఎలా కదులుతుందో సమీకరణాలు రాసి, కంప్యూటరు మీద నడిపి, చివరికి నర్సు చేతికి ఇచ్చింది ఏమిటో తెలుసా? అట్టతో చేసిన చక్రాలు! ఒకటి తిప్పితే ఇన్సులిన్ ఎంతో వస్తుంది, ఇంకోటి తిప్పితే ఫీడు ఎంతో వస్తుంది. తిండి అన్నది ఎవరో ఎక్కడో నిర్ణయించేసిన అంకె కాదు, మన చేతిలో ఉన్న రెండో మీట అని గుర్తించారు. ఇన్సులిన్‌ని కూడా ధారగా కాకుండా గంటకో చిన్న మోతాదుగా నరంలోకి ఇచ్చారు. దీనివల్ల ఏం జరిగింది? నర్సు ఇంకో పనిలో పడి రాలేకపోతే మందు దానంతటదే పడదు. మన సాఫ్ట్‌వేరు వాళ్ళు "ఫెయిల్-సేఫ్" అని గొప్పగా చెప్పుకునేది అట్టముక్కతో సాధించారు. షుగరు తగ్గించడానికి తిండి కోస్తారా, రోగి నీరసించడా అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే, అందుకే వాళ్ళు ఫీడుకి ఒక అడుగు హద్దు పెట్టుకున్నారు. తరవాత ఇదే స్టార్ అనే పేరుతో టాబ్లెట్ మీదకి ఎక్కింది.

ఇవన్నీ విదేశీ కబుర్లనుకునేరు. 2021 మే నెల గుర్తుందా? కోవిడ్ తగ్గిందనుకున్న వాళ్ళకి బ్లాక్ ఫంగస్. స్టెరాయిడ్లూ, అదుపులో లేని షుగరూ కలిసి దానికి దారి వేశాయి. తెలంగాణలో దాన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించారు, కోఠీ ఈ.ఎన్.టీ. ఆసుపత్రిని దానికి ముఖ్య కేంద్రం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఫంగస్ పట్టిన పై దవడ తీసేస్తే నోటితో తినడానికి లేదు, రైల్స్ ట్యూబే గతి. అలాంటివాళ్ళలో మా పెదనాన్నగారి అబ్బాయి ఒకడు, హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో.

అరిజోనాలో గడియారం మార్చరు కనక మనకీ ఇండియాకీ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడా. అర్ధరాత్రి ఇక్కడ కూర్చుని వాట్సాప్‌లో షుగరు చార్టు ఫొటోలు చూసేవాళ్ళం. ఒక రోజు పొద్దున్న 142, మధ్యాహ్నం 12 గంటలకి 318. డ్యూటీ డాక్టరు ఇన్సులిన్ పెంచాడు. వదినకి ఫోను చేస్తే తెలిసిందేమిటంటే, 11:40కి ఆవిడే సిరంజితో 200 మిల్లీలీటర్ల రాగిజావ పోసిందని. ఇరవై నిమిషాల తరవాత ఎవరికైనా అంకె ఎగురుతుంది కదా! రెండు గంటలకి పోసిన పాలు వాంతి అయ్యాయి. నాలుగు గంటలది వద్దన్నారు. ఆరింటికి పిలిస్తే పలకడం లేదు, షుగరు 52. నరంలో డెక్స్‌ట్రోస్ ఎక్కించాక లేచాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ చార్టులో రెండే గడులు, టైము, షుగరు. జావ సంగతి వదిన బుర్రలో ఉంది, వాంతి సంగతి సిస్టర్‌కి తెలుసు, ఇన్సులిన్ సంగతి కేస్ షీటులో ఉంది. ముగ్గురి దగ్గరా ఉన్నది ఒక్కచోట చేరితే ఆ సాయంత్రం అలా జరిగేది కాదు.

అమెరికాలోనూ పంపుల వ్యవహారం మరీ గొప్పగా ఏమీ లేదు. మందు పంపులు చాలా ఆసుపత్రుల్లో కంప్యూటరు రికార్డుకి కలిసి ఉంటాయి. ఫీడు పంపు మాత్రం చాలాచోట్ల అంటరానిదే, అది ఎంత పంపిందో నర్సు చూసి రాసుకోవలసిందే. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో జూలియన్ గోల్డ్‌మన్ అనే మత్తుడాక్టరు 2004 నించీ మంచం చుట్టూ ఉన్న పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడాలని పోరుతున్నాడు. 2009లో దానికొక ప్రమాణం కూడా వెలువడింది. ప్రమాణం ఉంది, తీగ లేదు. ఒక్కొక్క కంపెనీదీ ఒక్కొక్క భాష, పైగా రెండు పరికరాలు కలిసి తప్పు చేస్తే బాధ్యత ఎవరిదన్న భయం. 2020లో కోవిడ్ వేళ, చేతికి అంటించుకునే గ్లూకోజు సెన్సర్లని ఆసుపత్రుల్లో వాడుకోవడానికి ఎఫ్.డి.ఎ. అడ్డు చెప్పకపోవడంతో, ఇక అన్ని సమస్యలూ తీరాయన్నారు. సెన్సర్లు మంచివే. అయితే అవి చెప్పేది షుగరు పడటం మొదలయ్యాక. ఫీడు ఆగిన సంగతి పంపుకి అంతకంటే ముందే తెలుసు. ముందే తెలిసిన విషయాన్ని పక్కన పెట్టి, దాని పర్యవసానాన్ని కొలవడానికి ఖరీదైన సెన్సరు కొనడం నాకు మింగుడుపడదు. వైద్య పరికరాల కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. ఆ పంపు "ఆగాను" అని అరిచే అలారాన్ని గది దాటించి రికార్డుకి చేర్చడం చంద్రయానం కాదని మీకు నాకంటే బాగా తెలుసు.

అప్పటిదాకా కాయితమే దిక్కు. అన్నయ్య సంగతి జరిగిన మర్నాడు వదిన చేత తెల్లకాయితం మీద నాలుగు గడులు గీయించాం. టైము, షుగరు, ఫీడు, ఇన్సులిన్. ఫీడు గడిలో ఏం పోశారో, ఎంత పోశారో, ఎన్నింటికి పోశారో. వాంతి అయితే అది. పొయ్యకపోతే ఖాళీగా వదలకుండా "లేదు" అని. ఇన్సులిన్ గడిలో పొట్టిదా, రోజంతా ఉండేదా. మంచం తలవైపు గోడకి ప్లాస్టరుతో అంటించాం. మొదటిరోజు సిస్టర్లు విసుక్కున్నారు. మూడో రోజుకి డ్యూటీ డాక్టరు కేస్ షీటు తెరిచే ముందు దాన్ని చూడటం మొదలుపెట్టాడు. అప్పటినించి తెలిసినవాళ్ళెవరు ఫోను చేసినా ఆ నాలుగు గడుల ఫొటోనే పంపుతున్నాను. పోయిన నెలలో ఒకాయన ఐదో గడి ఒకటి కలిపి వెనక్కి పంపాడు, "స్టెరాయిడ్ ఎన్నింటికి" అని.